మిగులు ఏ గంటకు చెత్త అవుతుంది

సంక్రాంతికి పది రోజుల ముందు వరంగల్, కరీంనగర్ వైపు పిండివంటలు చేసి అమ్మే ఏ షెడ్డులోకి వెళ్లినా ఓ మూలన తట్టలో విరిగిన సకినాలు కనిపిస్తాయి. నూనె అదే, నువ్వులు అవే, రుచిలో తేడా లేదు. చుట్టు తెగింది కాబట్టి డబ్బాలోకి ఎక్కలేదు, అంతే. సాయంత్రానికి కొన్ని పనివాళ్ల సంచుల్లోకి పోతాయి, కొన్ని తక్కువ ధరకు అమ్ముడవుతాయి. మిగిలినవి మూడు నాలుగు వారాలు ఆ మూలనే ఉండి, నూనె ముక్కి వాసన పట్టాక గేదెల కుడితిలో కలుస్తాయి. వాటిని పారేయాలని ఎవరూ అనుకోలేదు. ఎవరికైనా ఇవ్వాలని కూడా ఎవరూ అనుకోలేదు. ఏదీ తేల్చకుండా రోజులు గడిచిపోయాయి.

తిండి తయారుచేసే చోట వృథా చాలావరకు ఇలాగే పుడుతుంది. దాతృత్వం గురించి మాట్లాడేవాళ్లు మనసు గురించి మాట్లాడతారు. ఉత్తర తెలంగాణలో మనసుకు కొదవ లేదు, అన్నదానం లేని గుడి లేదు. కొరత ఉన్నది టైముకు. ఒక సరుకు మిగులుతుందని ఎన్ని గంటల ముందు తెలిసింది, తెలిసిన ఎంతసేపటికి కదిలింది, చేరేసరికి దానికి ఇంకా ఎంత ఆయుష్షు ఉంది అన్న లెక్క దొరికితే తప్ప మిగతా మాటలకు అర్థం లేదు.

ప్రపంచ లెక్కల్లో కూడా ఫ్యాక్టరీ వృథా రెండు పద్దుల సందులో పడిపోతుంది. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2022లో 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది. అందులో 60 శాతం ఇళ్లలో, 28 శాతం హోటళ్లు, క్యాంటీన్ల వంటి చోట్ల, 12 శాతం దుకాణాల్లో. కోత తర్వాత దుకాణం చేరేలోపు పోయేదాన్ని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) వేరుగా లెక్కిస్తుంది, అది ప్రపంచ ఆహార ఉత్పత్తిలో సుమారు 13 శాతం. మిల్లు, బేకరీ, పిండివంటల షెడ్డు ఈ రెండో పద్దులో పొలం నష్టంతో కలిసిపోయి విడిగా కనిపించవు. పెళ్లి భోజనాల వృథా మీద ఏటా వార్తలు వస్తాయి కానీ రైస్ మిల్లు తవుడు మీద ఎందుకు రావో దీన్నిబట్టి అర్థమవుతుంది.

సకినం ఎక్కడ విరుగుతుంది

పంచే సంగతి తర్వాత. విరగకుండా చూసుకోవడం అన్నిటికంటే చవక, కాబట్టి సకినం దగ్గరే కాసేపు ఆగాలి.

బియ్యం రాత్రంతా నానబెట్టి, నీళ్లు వడకట్టి, తడి మీదే గిర్నీలో పట్టిస్తారు. ఆ పిండి గిర్నీ నుంచి వచ్చిన గంట నుంచే ఆరడం మొదలవుతుంది. పొద్దున ఎనిమిదింటికి ఒకేసారి పాతిక కిలోలు కలిపి పెడితే, పదకొండింటికి చుట్టేవాళ్ల చేతికి వచ్చేది వేరే పిండి. ఆరిన పిండి వేళ్ల మధ్య పోగు సాగక తెగుతుంది. అది చూసి నీళ్లు చల్లి మళ్లీ పిసికితే పైపొర జారుగా, లోపల గట్టిగా తయారై, చుట్టినప్పుడు బాగున్నట్టే ఉండి నూనెలో విడిపోతుంది. విరిగినవాటికి చాలా షెడ్లలో చేయి తిరగని పనివాళ్లను తప్పు పడతారు. అసలు కారణం పెద్ద బేసిన్. ఆరేడు కిలోల చొప్పున కలిపి, తడిబట్ట కప్పి, గంటలోపు చుట్టించేస్తే అదే పనివాళ్ల చేతిలో విరుగుడు తగ్గుతుంది.

రెండో చోటు బట్ట. చుట్టిన సకినంలోని నీటిని కింది బట్ట పీల్చుకోవాలి. అంచు కింద వేలు పెట్టి లేపితే బట్టను వదలాలి, వంగిపోకూడదు. తొందర కోసం ఫ్యాన్ పెడితే పైచుట్టు ముందే ఎండి నడుమ తడి మిగులుతుంది. అలాంటిది కాగిన నూనెలో పడగానే పైచుట్టు ఊడుతుంది, ఒక్కోసారి పేలి నూనె మీదికి చిందుతుంది కూడా. మబ్బు పట్టిన రోజు ఆరడానికి ఎక్కువసేపు పడుతుందని తెలిసీ అదే టైము ప్రకారం వాయి వెంట వాయి దింపుతుంటారు.

మూడోది ప్యాకింగ్ బల్ల, ఆ తర్వాత ఆర్టీసీ కార్గో. డబ్బా మీద డబ్బా నాలుగు వరసలు పేర్చితే కిందిది నలుగుతుంది. పార్శిల్ విప్పిన కస్టమర్ ఫొటో పంపిస్తే మొత్తం డబ్బా వాపసు.

విరిగినవాటిని తూచాలి, కానీ అన్నీ కలిపి కాదు. బట్ట దగ్గర, నూనె మూకుడు దగ్గర, ప్యాకింగ్ బల్ల దగ్గర మూడు తట్టలు పెట్టి, రోజు చివర మూడు బరువులు గోడ మీది చార్టులో రాయాలి. బట్ట మీద తెగింది అదే రోజు పిండిలో కలిసిపోతుంది, కాబట్టి అక్కడ నష్టం చుట్టిన చేతి కూలి మాత్రమే. వేగాక విరిగినదానిలో బియ్యం, నువ్వులు, వాము, నూనె, గ్యాసు, కూలి అన్నీ ఉన్నాయి. డబ్బాలో విరిగినదానికి ప్యాకింగూ రవాణా ఖర్చూ తోడవుతాయి. ఉదాహరణకు రోజుకు వంద కిలోలు తీసే చోట ఆరు కిలోలు విరిగాయనుకుంటే, ఆ ఆరూ మొదటి తట్టలోవా మూడో తట్టలోవా అన్నదాన్నిబట్టి నష్టం ఎన్నో రెట్లు మారుతుంది. పుస్తకంలో "విరుగుడు 6 కిలోలు" అని రాస్తే ఏమీ తెలియదు.

సాయంత్రం మిగిలిన పచ్చిపిండిది వేరే కథ. తడిపిండి రాత్రికి పులుస్తుంది, మర్నాడు సకినాలకు పనికిరాదు. పల్లీలు, శనగపప్పు, ఉల్లికాడ, కారం వేసి సర్వపిండి ఒత్తితే పనివాళ్ల రాత్రి భోజనం అయిపోతుంది. ఇళ్లలో తాతలనాటి నుంచి చేసేదే. షెడ్డులో మాత్రం అది ఎవరి పనీ కాదు కాబట్టి పిండి మోరీలో పోతుంది.

తట్టలో కనిపించని వృథా ఇంకొకటుంది. 200 గ్రాముల ప్యాకెట్‌లో తూనికలు కొలతల శాఖ భయంతో 207 గ్రాములు పోస్తారు. వెయ్యి ప్యాకెట్లకు ఏడు కిలోలు. ఇది చెత్తబుట్టలోకి రాదు, ఎవరి దానమూ కాదు, యజమానికి తెలియకుండా వెళ్లిపోతుంది. కాటాను పొద్దునా మధ్యాహ్నమూ తెలిసిన బరువుతో సరిచూసి, తుది పిడికెడు చేత్తో కాకుండా చిన్న గరిటెతో వేయిస్తే ఆ ఏడు రెండుకు దిగొచ్చు.

నూనె సంగతి చట్టంలోనే ఉంది. నూనె కాగేకొద్దీ అందులో పేరుకునే టోటల్ పోలార్ కాంపౌండ్లు 25 శాతం దాటితే దాన్ని వంటకు వాడకూడదని దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన 2018 జులై నుంచి అమల్లో ఉంది. అడుగున చేరిన పిండి మడ్డి మాడుతూ నూనెను త్వరగా పాడుచేస్తుంది కాబట్టి రెండు మూడు వాయిలకోసారి జాలి గరిటెతో తీసి, రోజు చివర వడకట్టాలి. మాడిన నూనెలో వేయించిన సరుకు త్వరగా ముక్కుతుంది. అలాంటి మిగులును దానం చేసినా తీసుకున్నవాళ్లకు మిగిలేది కడుపులో మంటే. వాడేసిన నూనెను బయోడీజిల్‌కు సేకరించేందుకు 2018లోనే "రూకో" పేరుతో ఏర్పాటు మొదలైంది. తోపుడుబండ్లకు అమ్మడం కంటే అటు పంపడం నయం.

మిల్లు, బేకరీ, డెయిరీ

పెద్దపల్లి, సుల్తానాబాద్, కరీంనగర్ చుట్టుపక్కల రైస్ మిల్లర్ల దగ్గర వృథా అనే మాటెత్తితే నవ్వుతారు. ఊక బాయిలర్‌కు, తవుడు నూనె మిల్లుకు, నూకలు దాణాకు పోతాయి, గింజ కూడా పారేయం అంటారు. పైకి నిజమే. క్వింటాల్ వడ్లకు ఊక ఇరవై కిలోల దాకా, తవుడు ఎనిమిది కిలోల దాకా వస్తాయి. ప్రభుత్వ వడ్లను మర పట్టి ఇచ్చే కస్టమ్ మిల్లింగ్ కింద ప్రభుత్వానికి పచ్చిబియ్యమైతే 67, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు అప్పగించాలి. అన్నిటికీ కొనేవాడున్నాడు. కానీ మనిషి తినాల్సిన సరుకు ధర తగ్గి పశువుకో సబ్బుకో దిగిపోవడం కూడా నష్టమే, అది గంటల్లో జరుగుతుంది.

తవుడులో 15 నుంచి 20 శాతం నూనె ఉంటుంది. గింజ మీద ఉన్నంతసేపు ఆ నూనె, దాన్ని విరగ్గొట్టే లైపేజ్ అనే ఎంజైము వేర్వేరు పొరల్లో ఉంటాయి. పాలిష్ పట్టగానే రెండూ కలుస్తాయి. అక్కడి నుంచి నూనె విరిగి పుట్టే ఆమ్లం, అంటే ఫ్రీ ఫ్యాటీ యాసిడ్, రోజుకు 5-7 శాతం చొప్పున పెరగొచ్చు, 10 శాతం దాటితే తినే నూనెకు పనికిరాని సరుకుగా లెక్క. శుక్రవారం పట్టిన పచ్చిబియ్యం తవుడు లారీ దొరక్క సోమవారం దాకా బస్తాల్లో ఉంటే దాని కథ అయిపోయినట్టే. ఉప్పుడు బియ్యం తవుడుకు ఈ తొందర లేదు, వడ్లను ఆవిరి పట్టినప్పుడే ఆ ఎంజైము చచ్చిపోతుంది. పచ్చిబియ్యం మిల్లుకు దారి రెండే: తవుడు పడ్డ వెంటనే ఆవిరితో వేడిచేసే స్టెబిలైజర్ పెట్టుకోవడం, లేదా నూనె మిల్లుతో రోజువారీ లారీ ఒప్పందం చేసుకోవడం.

నూకలది కాలంతో ముడిపడ్డ సమస్య. యాసంగి వడ్లు ఏప్రిల్, మే ఎండల్లో కోతకొస్తాయి. పగటి ఎండకు ఎండి, రాత్రి చెమ్మ పీల్చి గింజ లోపల సన్నటి పగుళ్లు పడతాయి, పచ్చిగా మర పడితే నూకైపోతుంది. ఉప్పుడు బియ్యం కోసం వడ్లను ఉడకబెడితే గింజలోని పిండిపదార్థం మెత్తబడి ఆ పగుళ్లను పూడుస్తుంది. యాసంగి అనగానే ఉప్పుడు బియ్యం కొనుగోళ్ల గొడవ ప్రతిసారీ ఎందుకు లేస్తుందో చెప్పడానికి ఈ ఒక్క కారణం చాలు. రంగు చూసి గింజలను ఏరే సార్టెక్స్ యంత్రం దాటి రంగు, రాయి పోయిన శుభ్రమైన నూకలు ఉప్మాకు, జావకు మంచి సరుకు. సార్టెక్స్ పక్కకు నెట్టిన నల్లగింజ మాత్రం మనుషులకు ఇవ్వకూడదు, ఎంత ఉచితమైనా.

బేకరీలో జబ్బు అంతా వాపసులోనే. తెల్లవారుజామున ఆటోలో కొత్త బ్రెడ్డు వెళ్తుంది, అదే ఆటోలో పాతది తిరిగొస్తుంది. మిగిలితే తిరిగి తీసుకుంటారన్న ధీమాతో దుకాణదారు పది అమ్మే చోట పద్నాలుగు దింపించుకుంటాడు. తయారీదారు అది అమ్మకమనుకుని మర్నాడు ఇంకో ట్రే పెంచుతాడు. ఐదు రోజుల బ్రెడ్డు ఐదో రోజు సాయంత్రం తిరిగొస్తే దానితో చేయగలిగింది ఏమీ లేదు. మూడో రోజు ఉదయమే అల్మారా నుంచి తీసేస్తే ఇంకా రెండు రోజుల ఆయుష్షుంటుంది, ఆ పూటే ఏ వృద్ధాశ్రమానికో పాలతో కలిపి పంపొచ్చు. దుకాణదారుకు వాపసు పరిమితి పెట్టాలి, మూడో రోజు తీసిన బ్రెడ్డును ఆ పరిమితిలో లెక్కించకూడదు. లేకపోతే అతను దాన్ని వెనక దాచి ఐదో రోజే బయటపెడతాడు.

బూజు త్వరగా పట్టడానికి తరచుగా కారణం వేడిమీద ప్యాక్ చేయడం. బ్రెడ్డు లోపల 35-38 డిగ్రీలకు చల్లారాకే కోసి కవర్లో పెట్టాలి. లేకపోతే కవరు లోపల ఆవిరి చుక్కలు కడుతుంది, రెండో రోజుకే పచ్చమచ్చ. ఆ మచ్చ వరకు తుంచి మిగతాది రస్కుకు వేయడం కొన్ని చోట్ల మామూలే. బూజు పోగులు కంటికి కనిపించే మచ్చ కంటే లోతుకు పోయి ఉంటాయి. రస్కుకు పనికొచ్చేది ఆ రోజు మిగిలిన తాజా బ్రెడ్డు, కోతలో తేలిన అంచు ముక్కలు.

డెయిరీల్లో కారిపోయిన ప్యాకెట్ పాలు దానానికి పనికిరావు, నెయ్యికి మళ్లించాల్సిందే. పనీర్ దగ్గర నూరు లీటర్ల గేదె పాలకు ఇరవై కిలోల పనీర్ పోగా మిగిలేదంతా విరుగుడు నీళ్లే. అందులో ఇంకా 4.5-5 శాతం పాలచక్కెర, కొంత ప్రొటీన్ ఉంటాయి. మోరీలో వదిలితే ఊరి మురుగునీటి కంటే వంద రెట్లకు పైగా ఘాటైన కాలుష్యం అది. వేడిగా ఉన్నప్పుడే తీసి చపాతీ పిండి కలపడానికో, ఉప్పు జీలకర్ర వేసి తాగడానికో క్యాంటీన్లు వాడుకోవచ్చు. పొద్దుగూకే దాకా బయట ఉంచితే పులిసిపోతుంది.

ఇవ్వడానికి ఒక తేదీ

మిగులు ఆహారాన్ని సేకరించి పంచడానికి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2019లో ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. వాటి సారం కష్టమైనదేమీ కాదు. ఉచితంగా ఇవ్వాలి, గడువు తీరకముందే చేరాలి, అమ్మే సరుకుతో కలవకుండా వేరుగా ఉంచాలి. పదార్థం పేరు, ఎవరు ఇచ్చారు, ఎప్పుడు చేశారు, శాకాహారమా మాంసాహారమా అన్నది రాసి ఉండాలి, పంచే సంస్థ దగ్గర లెక్కలుండాలి. 2020 నాటి లేబుల్ నిబంధనల ప్రకారం ప్యాకెట్ మీద "ఎక్స్‌పైరీ" లేదా "యూజ్ బై" తప్పనిసరి, "బెస్ట్ బిఫోర్" అదనంగా రాసుకోవచ్చు. కొన్ని దేశాల్లో "బెస్ట్ బిఫోర్" దాటినవాటిని కూడా పంచుతారని చదివి ఇక్కడ అనుకరించడానికి వీల్లేదు. ఇక్కడ ఎక్స్‌పైరీ మర్నాడు ఇచ్చిన ప్యాకెట్ దానం కాదు, నేరం.

అందువల్ల మిగులును గుర్తించే తేదీ ముందుకు జరగాలి. తొంభై రోజుల చెగోడీల ప్యాకెట్ అయితే అరవయ్యో రోజున గోడౌన్‌లో ఆ లాట్ మీద పసుపు స్టిక్కర్ పడాలి. అమ్మకం వేగం చూసి, డెబ్బయ్యో రోజుకు ఎంత మిగులుతుందో లెక్కకట్టి అంత పక్కకు తీయాలి. తీసుకున్న సంస్థకు పంచడానికి పది రోజులు, తిన్నవాళ్లకు దాచుకోవడానికి పది రోజులు చేతిలో ఉంటాయి. ఈ-కామర్స్ వల్ల ఈ వ్యవధి ఇంకా స్పష్టమైంది. కస్టమర్‌కు చేరేసరికి సరుకుకు కనీసం 30 శాతం ఆయుష్షు లేదా 45 రోజుల గడువు మిగిలి ఉండాలని 2024 నవంబరులో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆన్‌లైన్ అమ్మకందారులకు చెప్పింది. ఆ గీత దాటి, ఎక్స్‌పైరీకి ఇంకా వారాలుండగా గోడౌన్‌లో చిక్కుకున్న సరుకంత అనువైన దానం ఇంకొకటి దొరకదు. అదే ఏడాది డిసెంబరులో, తయారీదారులు తిరస్కరించిన సరుకు, గడువు తీరిన సరుకు, దాన్ని ఏం చేశారన్న వివరం మూడు నెలలకోసారి ఆన్‌లైన్‌లో ఇవ్వాలని కూడా ఆదేశించింది. ఎటూ రాయాల్సిన లెక్కే, గడువుకు ముందే రాసుకుంటే పనికొస్తుంది.

అకౌంటెంట్లు తరచుగా చెప్పే అడ్డంకి జీఎస్టీ. ఉచితంగా ఇస్తే, ముడిసరుకు మీద కట్టిన పన్నుకు తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్ వెనక్కి కట్టాలి కదా అంటారు. కట్టాలి. అయితే సీజీఎస్టీ చట్టం 17(5)(హెచ్) ఉచితంగా ఇచ్చినదానితో పాటు పారేసిన, ధ్వంసం చేసిన సరుకుకూ వర్తిస్తుంది. చెత్తకుప్పలో పోసినా అంతే నష్టం. దానం వల్ల అదనంగా పోయేది లేదు, పైగా పాతిపెట్టించే ఖర్చు తప్పుతుంది. దానాలకిచ్చే, 80జీగా పేరుపడ్డ ఆదాయపు పన్ను మినహాయింపు మాత్రం ఆశించొద్దు, వస్తురూపంలో ఇచ్చినదానికి అది రాదు.

ఇంకో భయం, ఇచ్చిన ప్యాకెట్లు వారం తిరగకుండా అంగడిలో కనిపిస్తాయేమోనని. ఎంఆర్‌పీ మీద చెరగని మార్కర్‌తో గీత కొట్టి, అట్టపెట్టె మీద "అమ్మకానికి కాదు" ముద్ర వేయాలి. లేబుల్ మాత్రం ఊడదీయొద్దు. పల్లీలు పడనివాళ్లుంటారు, పదార్థాల జాబితా వాళ్లకు కావాలి.

వండిన తిండి

వరంగల్ హంటర్ రోడ్డు ఫంక్షన్ హాళ్లలో మాఘమాసం ముహూర్తాల రోజున మిగిలేది ప్రధానంగా బగారా అన్నం. పొద్దున పదింటికి దింపిన గంగాళం, మూడింటికి మిగిలిందని తేలి, నాలుగున్నరకు ఆటో ఎక్కి, ఆరింటికి ఎవరి కంచంలోనో పడుతుంది. నడుమ ఎనిమిది గంటలు. 5 నుంచి 60 డిగ్రీల మధ్య సూక్ష్మక్రిములు పెరుగుతాయి, ఆ అన్నం ఎక్కువసేపు గడిపింది సరిగ్గా అక్కడే.

అన్నంతో చిక్కు ఏమిటంటే, బాసిల్లస్ సీరియస్ అనే క్రిమి బీజాలు ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగా ఉన్న గంటల్లో అవి మొలిచి విషం వదులుతాయి. వాంతులు తెప్పించే ఆ విషం వేడికి విరగదు. "మళ్లీ వేడిచేసి పెడితే ఏం కాదు" అన్న మాట అందుకే ప్రమాదం. గడ్డపప్పు, మటన్ కూర వంటి చిక్కటి వంటల్లో ఇంకో జాతి క్రిమిది ఇదే దారి, పెద్ద గంగాళం నడిభాగం చల్లారడానికి గంటలు పట్టడమే దానికి అనుకూలం.

పనిచేసే పద్ధతి ఇలా ఉంటుంది. వడ్డనకు వెళ్లిన గిన్నె వేరు, మూత తీయని గంగాళం వేరు, రెండోదాన్నే దానానికి లెక్కపెట్టాలి. విస్తళ్లలో మిగిలింది, బఫే బల్ల మీది ట్రేలో మిగిలింది ఎప్పుడూ వద్దు. సూది థర్మామీటర్ కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది, గంగాళం నడుమ గుచ్చి 60 పైన ఉంటేనే హాట్‌బాక్సులోకి తీయాలి. హాట్‌బాక్సును ముందు మరిగే నీళ్లతో పది నిమిషాలు వేడెక్కించాలి, లేకపోతే ఆ పెట్టే అన్నం వేడిని తాగేస్తుంది. పెట్టె మీద చీటీ అంటించి పదార్థం పేరు, దింపిన టైము, తీసినప్పటి వేడి రాయాలి. వేడి మీద పెట్టకుండా బయట రెండు గంటలు దాటింది తీసుకోవద్దు. రామగుండం, మంచిర్యాల వైపు మే నెల మధ్యాహ్నాల్లో అయితే ఆ రెండును ఒకటి చేయాలి. పెరుగు చట్నీ, కొబ్బరి చట్నీ, కోసిన పండ్లు, మయోనైజ్ పడిన సలాడ్ ఏ వేళా వద్దు. బూందీ, లడ్డూ, పొడి చపాతీలు నిశ్చింతగా ఇవ్వొచ్చు.

రాత్రి పదకొండుకు ముగిసిన రిసెప్షన్ తిండికి, చల్లబరిచే వసతి లేకపోతే, దానం మార్గం లేనట్టే. వెడల్పాటి ట్రేల్లో రెండు అంగుళాల మందాన పరిచి, రెండు గంటల్లో 21 డిగ్రీలకు, ఇంకో నాలుగు గంటల్లో 5 డిగ్రీలకు దించగల చల్లగది ఉన్నవాళ్లే దాన్ని మర్నాటికి దాచగలరు. మిగతావాళ్లకు చేతనైంది తక్కువ వండటం. మొత్తం బియ్యం ఒకేసారి ఎసట్లో పోయకుండా మూడొంతులు ముందు వండి, నాలుగో వంతు కడగకుండా, నానబెట్టకుండా పక్కన ఉంచి, సగం బంతులు లేచాక రెండో పొయ్యి వెలిగించాలి. పొడిబియ్యం మిగిలితే బస్తాలోకి తిరిగిపోతుంది. కేటరర్‌కు ఇది తెలియనిది కాదు. "తక్కువైతే మర్యాద పోతుంది" అని పెళ్లివారు పట్టుబడితే వంటవాడు ఎదురు చెప్పడు.

తీసుకునేవాళ్ల వైపు నుంచి

2025 ఏప్రిల్ నుంచి రేషన్ షాపుల్లో మనిషికి ఆరు కిలోల చొప్పున సన్నబియ్యం ఇస్తున్నారు. పేదింట్లో ఇప్పుడు అన్నం కంటే పప్పు, నూనె, పాలు, గుడ్డుకే కటకట. మనం పంచే మిగులులో ఎక్కువ భాగం మాత్రం అన్నమే, దాని తర్వాత స్వీట్లు. ఈ పొంతన లేకపోవడం గురించి దాతల సమావేశాల్లో వినపడదు. వండుకునే వీలు లేనివాళ్ల సంగతి వేరు. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో రోగి మంచం పక్కన ఉండే ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ వాళ్లకు, కాజీపేట స్టేషన్ దగ్గర తలదాచుకునేవాళ్లకు వండిన వేడి అన్నమే కావాలి. బియ్యం ప్యాకెట్ ఇస్తే ఏం చేసుకుంటారు?

అనాథాశ్రమానికి, వృద్ధాశ్రమానికి చెప్పాపెట్టకుండా అరవై మంది భోజనం దింపితే అక్కడ అప్పటికే వండిన వంట పారబోయాల్సి వస్తుంది. వృథా ఫంక్షన్ హాలు నుంచి ఆశ్రమానికి మారిందంతే. వాళ్లు మధ్యాహ్నం పొయ్యి వెలిగించేలోపు, అంటే పదింటికల్లా, "ఈ పూట ఇంతమందికి ఇది వస్తుంది" అని ఫోన్ వెళ్లాలి. ఫంక్షన్ హాలు నుంచి అంత ముందుగా మాట రాదు. రోజువారీ క్యాంటీన్, బేకరీ, డెయిరీ నుంచి వస్తుంది, అందుకే నికరమైన సరఫరా వాటితోనే కట్టాలి. పెళ్లి భోజనాన్ని పైన వచ్చిన లాభంగా చూడాలి. పళ్లు లేని పెద్దలకు సకినాలు, షుగర్ ఉన్నవాళ్లకు డజన్ల కొద్దీ మైసూర్‌పాక్ పంపడం కూడా ఉన్నదే. ఏం కావాలో, ఏం వద్దో అడిగి రాసుకున్న ఒక్క కాగితం ఆ బెడద తప్పిస్తుంది.

సంక్షేమ హాస్టళ్లు, ఆశ్రమ పాఠశాలలు బయట వండిన తిండి తీసుకోవడానికి ఒప్పుకోకపోతే నొచ్చుకోవద్దు, వాళ్లు చేసేది సరైన పని. ఏటూరునాగారం వంటి సుమారు వంద కిలోమీటర్ల దూరపు ఏజెన్సీ ఊళ్లకు హన్మకొండ నుంచి వండినది పంపడం తెలివైన పని కాదు. అటు పోవాల్సింది పొడి సరుకు: సీలు సరిగ్గా పడక పక్కన పెట్టి, అదే రోజు మళ్లీ ప్యాక్ చేసిన అటుకులు, బిస్కెట్లు, శుభ్రమైన నూకలు, పప్పు. వానాకాలంలో బెల్లం పంపితే మూత బిగిసే డబ్బాల్లోనే పంపాలి, గోనెసంచిలో చెమ్మ పీల్చి పాకమవుతుంది.

మనుషులకు పనికిరానిది మిగిలితే గ్యాసుకు లేదా పశువుకు. టన్ను ఆహార వ్యర్థానికి 80-100 ఘనపు మీటర్ల బయోగ్యాస్ రావొచ్చు. అయితే వేపుడు మూకుడు మడ్డిని ఒక్కసారిగా పోస్తే గ్యాసు పుట్టించే తొట్టి, అంటే డైజెస్టర్, పులిసి గ్యాసు ఆగిపోతుంది, దారిలోకి రావడానికి వారాలు పడుతుంది. పశువులకు బూజు పట్టిన మక్కలు, బ్రెడ్డు వద్దు. అందులోని అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం పాలలోకి దిగుతుంది, లీటరు పాలలో దానికి ఉన్న పరిమితి అర మైక్రోగ్రాము ప్రాంతంలోనే. శుభ్రమైన అన్నమే అయినా, పెళ్లి మర్నాడు గంపెడు కుమ్మరిస్తే గడ్డి అలవాటైన గేదె పొట్టలో ఆమ్లం పెరిగి, పొట్ట ఉబ్బి, రెండు రోజుల్లో చనిపోవచ్చు. మొదటి రోజు దోసెడు, అదీ ఎండుగడ్డి మేశాక, దాణాలో కలిపి.